నాగమ్మక్క ఇచ్చేసిన కారు

మొన్న చలికాలంలో కువైత్ వెళ్ళాను. మా అమ్మాయి అక్కడ నర్సు. ఒక శుక్రవారం మధ్యాహ్నం నన్ను దజీజ్‌లోని పెద్ద బజారుకి తీసుకెళ్ళింది. కారు దూరంగా ఆపుకుని గోదాముల పక్కనుంచి నడుస్తున్నాం. ఒక షెడ్డు ముందు ఎవరో పాతకాలం కారు మీది ముసుగు లాగి తలుపు తెరిచారు. ఎండకు కాగిన తోలుసీటు వాసన, దానిలో కలిసిన పెట్రోలు, ఆ రెంటికీ అడుగున అరబ్బుల ఇళ్ళలో వేసే బుఖూర్ ధూపం నా ముక్కుకి తగిలాయి. ముప్పై అయిదేళ్ళుగా ఆ మూడూ కలిసి ఎక్కడా తగల్లేదు.

“ఏంటమ్మా, ఎండలో అలా నిలబడిపోయేవు?” అంది మా అమ్మాయి.

“నాగమ్మక్క గుర్తొచ్చిందే,” అన్నాను.

తనకి నాగమ్మక్క తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు. తమని తీర్చిదిద్దిన మనిషి గురించి చెప్పేటప్పుడు అందరూ భక్తితో మొదలుపెడతారు. నాకు ఆ యోగం లేదు. నేను అసూయతోనే మొదలుపెట్టాలి. ఆమెతో ఒకే వంటింట్లో నాలుగేళ్ళు ఉన్నాను. ఆమెను చూసి మనసు నిండిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆమె మీద ఏడ్చిన రోజులకి లెక్క లేదు.

మాది కోనసీమ, రాజోలు దగ్గర. మా ఆయన పోయాక రెండేళ్ళ పిల్లని మా అమ్మ చేతిలో పెట్టి కువైత్ విమానం ఎక్కాను. పదో తరగతి పాసయ్యాననే గర్వం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. ఫహాహీల్ దగ్గర, సముద్రం రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఇంట్లో పని. ఇంటావిడని అందరిలాగే మామా అనేవాళ్ళం. భర్త పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. నేను పెట్టె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడితే, ఉల్లిపాయలు తరుగుతున్న ఓ నలభై ఏళ్ళ ఆడమనిషి తలెత్తి చూసింది. నల్లగా, పొట్టిగా, నుదుటి మీద పచ్చబొట్టు.

“ఏం మే, కూడు తిన్నావా?” అంది.

నాగమ్మక్కది రాయచోటి అవతల పల్లె. ఆమెకి సంతకం కూడా రాదు. ఆ ఇంట్లో అప్పటికే ఎనిమిదేళ్ళుగా ఉంది. అరబ్బీ ఎలా నేర్చుకోవాలని అడిగితే, “యల్లా అంటే కదులు. ఖలాస్ అంటే అయిపోయింది. మజ్జెలో ఏమన్నా తల ఊపు,” అంది. నవ్వొచ్చింది గానీ ఆ ముక్కతోనే ఆరు నెలలు నెట్టుకొచ్చాను. వేడి ఇస్త్రీపెట్టె పట్టు గుడ్డ మీద ఎంత తేలిగ్గా పోవాలో, మామా కోపంగా ఉన్నప్పుడు ఏ గదిలో దుమ్ము దులపకూడదో, ఏడుపొస్తే నీళ్ళ పంపు తిప్పి ఆ చప్పుడులో ఎలా ఏడవాలో ఆమే నేర్పింది. ఆమె ఊరికి ఉత్తరాలు నేను రాసిపెట్టేదాన్ని. చదువు వచ్చినదాన్ని నేను. డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు చదివేదాన్ని నేను. అయినా మామాకి తలనొప్పి వస్తే పిలిచేది నాగమ్మనే. బంగారం ఉన్న బీరువా తెరవాలన్నా ఆమే కావాలి. ఆ కారు తుడవాలన్నా ఆమే.

ఆ కారు గురించి చెప్పాలి. మామా భర్త ఓడల వ్యాపారంలో ఉండగా జపాన్ నుంచి తెప్పించుకున్నాడట. వెన్నరంగుది. ఇద్దరే కూర్చోగలరు. పైన గుడ్డ టాపు, వెనక్కి మడిచేస్తే కారు ఎత్తు నా నడుము దాటదు. స్టీరింగు మన ఊళ్ళోలాగా కుడివైపు. పందేలకి పోయే జాతి అనీ, దేశం మొత్తానికి అలాంటిది ఇదొక్కటేననీ చూడవచ్చినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు, “ఇది కారా మే, కారు పెట్టిన పిల్లా?” అనుకుందట నాగమ్మక్క. అప్పటినుంచి దానికి ‘పొట్టిది’ అని పేరు పెట్టింది. ఆయన పోయాక దాన్ని నడిపినవాళ్ళు లేరు. ప్రతి శుక్రవారం నాగమ్మక్క మెత్తటి గుడ్డతో తుడిచి, ఇంజను కాసేపు తిప్పిపెట్టేది. తర్వాత మామా ధూపం గిన్నె తెచ్చి సీట్ల మధ్య పెట్టి, ఎవరో కూర్చున్నట్టు కాసేపు చూసి వెళ్ళిపోయేది.

ఒకసారి నాగమ్మక్కకి జ్వరం వచ్చింది. సందు దొరికింది కదా అని నేనే వెళ్ళి కారు అద్దాలు తళతళలాడేలా తుడిచాను. మామా వచ్చి చూసింది. తిట్టలేదు. నా చేతిలో గుడ్డ తీసుకుని, “సతీ, ఇది నాగమ్మ పని,” అంది. నా పేరు సత్యవతి. అది ఆవిడ నోట సగమే మిగిలేది. ఆ మూడు మాటలూ ముల్లులా దిగబడ్డాయి. ఆ రోజు నాగమ్మక్కకి గంజి కాచి ఇచ్చాను గానీ, ఉప్పు వెయ్యడం మరిచిపోయానని చెప్పలేదు. మరిచిపోలేదు కాబట్టి.

తొంభయ్యో ఏడు జూలైలో మామా ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఎప్పటిలాగే చల్లటి దేశానికి వెళ్ళింది. బయలుదేరేటప్పుడు ఇంటి తాళాలు, బీరువా తాళాలు, పొట్టిదాని తాళం అన్నీ ఒకే గుత్తికి ఎక్కించి నా కళ్ళముందే నాగమ్మక్క చేతిలో పెట్టింది. “ఇల్లు నీది,” అంది. ఆమె ఆ గుత్తిని కొంగుకి ముడేసి బొడ్లో దోపుకుంది. నడిచినప్పుడల్లా గలగలలాడేది. ఆ చప్పుడు దగ్గరికొస్తే నేను పక్కగదిలోకి పోయేదాన్ని.

ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారి లేచేసరికి వీధి చివర ఇరాక్ ట్యాంకులున్నాయి. దేశం వాళ్ళ చేతిలోకి పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. పక్కిల్లు ఒక పాలస్తీనా మేష్టారిది. బడిలో లెక్కలు చెప్పేవాడు. అబూ సమీర్ అనేవాళ్ళు. భార్య ఉమ్ సమీర్, కొడుకు సమీర్, పెళ్ళయి ఏడాది తిరగని కోడలు. కొడుకు బస్రాలో పనిమీద చిక్కుబడిపోయాడు. మూడో రోజున సైనికులు వచ్చి మా గేటు ముందున్న పెద్ద కారు తోలుకుపోయారు. వీధంతా అదే పని. ఎవరింటి కారు ఎవరింటి ముందూ మిగలడం లేదు.

“పొట్టిదాన్ని కూడా ఎత్తకపోతారు మే,” అంది నాగమ్మక్క. “మామా నా చేతిలో పెట్టి పోయింది.”

ఇంటి ముందువైపు మగవాళ్ళు కూర్చునే పెద్ద గది, దివానియా ఉంది. దానికి రెండు రెక్కల పెద్ద తలుపు. ఆమె చీపురుపుల్లతో కారు వెడల్పూ తలుపు వెడల్పూ కొలిచి చూసి, అబూ సమీర్‌నీ ఆయన భార్యనీ పిలుచుకొచ్చింది. మిట్టమధ్యాహ్నం, కాపలా సైనికులు నీడపట్టున పడుకున్న వేళ, బీరువా తలుపులు ఊడదీసి మెట్ల మీద పరిచి, ఆయన స్టీరింగు పట్టుకోగా మేం ముగ్గురు ఆడవాళ్ళం వెనకనుంచి తోశాం. అరచేతులు కాలాయి. చెమటకి కళ్ళు కనపడలేదు. చిన్న కారు కాబట్టి పట్టింది. అదే పెద్దదైతే గుమ్మంలోనే ఇరుక్కునేది. లోపల పెట్టాక దాని మీద పరుపులు, బొంతలు, దిళ్ళు పేర్చి మంచంలా చేశాం. పెట్రోలు తీసేద్దామా అంటే అబూ సమీర్ వద్దన్నాడు. “ఉండనీ. ఎప్పుడు ఏ అవసరం వస్తుందో.”

“మీకి అవసరమైతే అడగండి, తీసకపోండి,” అంది నాగమ్మక్క తనకొచ్చిన అరబ్బీలో.

ఎవరి సొత్తు ఎవరికి ఇస్తానంటోంది అని నేను లోపల పళ్ళు నూరుకున్నాను.

నెల తిరిగేసరికి మనవాళ్ళు చాలామంది వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. బాగ్దాద్ మీదుగా అమ్మాన్ దాకా బస్సులు, అక్కడినుంచి విమానం. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరుండిపోయినా ఏదో కాగితం ఇస్తున్నారని ఫహాహీల్ నుంచి తెలిసినవాళ్ళు వచ్చి చెప్పారు. నాగమ్మక్క నా గుడ్డలు తనే సర్దింది.

“నువ్వు పో మే. నీకి బిడ్డ ఉండాది.”

“నువ్వో?”

“ఇడిసిపెట్టి యాడికి పోయేది? ఇల్లు నాదని చెప్పి పోయింది గదా.”

నేను వెళ్ళలేదు. నాగమ్మక్కని ఒంటరిగా వదల్లేక ఆగిపోయానని తర్వాత ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. యుద్ధం అయిపోయి మామా తిరిగొచ్చినట్టూ, గుమ్మంలో నాగమ్మక్కని ఒక్కదాన్నే కౌగిలించుకుని ఏడుస్తున్నట్టూ, నేను ఆ బొమ్మలో ఎక్కడా లేనట్టూ కళ్ళకి కట్టింది. అంతే, పెట్టె విప్పేశాను. కన్నబిడ్డకంటే కూడా ఆ కుళ్ళే నన్ను గట్టిగా పట్టుకుంది. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సైనికులు ఇల్లు సోదా చెయ్యడానికి ఒకసారే వచ్చారు. జీపు చప్పుడు వినగానే నాగమ్మక్క, “పసుపు తీసకరా మే, కుంకం గూడా,” అని పురమాయించి పరుపుల గుట్ట ఎక్కి పడుకుంది. ముఖానికి, చేతులకి పసుపు పూసుకుని, దాని మీద నా చేత కుంకం చుక్కలు పెట్టించుకుంది. అమ్మవారు పోసినదానిలా మూలగడం మొదలుపెట్టింది. ముగ్గురు సైనికులు దివానియా తలుపు తన్నుకుని వచ్చారు. “మరీద్! మరీద్!” అని నేను అరిచాను, జబ్బు జబ్బు అని. ముందున్నవాడు ఒక్క క్షణం ఆమె ముఖం చూసి, మెడలో గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. టీవీ, ఫ్యాను పట్టుకుని పోయారు. వాళ్ళ జీపు మలుపు తిరిగాక ఆమె పరుపు మీద లేచి కూర్చుని, “పొట్టిది నా కింద గడగడ వణికింది మే,” అని నవ్వింది. ఉమ్ సమీర్ వచ్చి ఆమె రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. వీధిలో నలుగురూ ఆ కథ చెప్పుకున్నారు. చుక్కలు పెట్టింది నేను, అరిచింది నేను. కథలో మాత్రం నాగమ్మ ఒక్కతే ఉంది.

చలి మొదలైంది. రొట్టెల కోసం మసీదు వెనక బేకరీ దగ్గర వరసలో నిలబడాలి. రోజూ నేనే వెళ్ళేదాన్ని. ఒక రోజు మధ్యాహ్నం నాగమ్మక్క చెప్పులు వేసుకుంటూ ఆగింది. కొంగు ముడి విప్పి తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది.

“ఈ పొద్దు రొట్టెల కాడికి నేను పోతా. నువ్వు ఇల్లు సూసుకో.”

ఎందుకో అడగలేదు. ఆమె గేటు దాటగానే గుత్తిని నా బొడ్లో దోపుకుని హాలంతా ఒకసారి నడిచాను. గలగలమంది. అద్దం ముందు నిలబడి చూసుకున్నాను కూడా.

పావుగంట కాకముందే అబూ సమీర్ వచ్చాడు. అంత చలిలో పైన కోటు లేదు. ఒక కాలికి ఒక రకం చెప్పు, ఇంకో కాలికి ఇంకో రకం.

“సతీ, కారు తాళం. కోడలికి నొప్పులు. నెల ముందే వచ్చేశాయి. రక్తం పోతోంది. మా కారు వారం కిందట పట్టుకుపోయారు, నీకు తెలుసుగా.”

“మామా లేరండి. ఆవిడ చెప్పకుండా ఇవ్వలేను,” అన్నాను.

“నాగమ్మ చెప్పింది కదా. అవసరమైతే తీసుకోమంది.”

ఆ మాట అనకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నాగమ్మ చెప్పింది. ఇంట్లో నాగమ్మ, వీధిలో నాగమ్మ, తాళాలు నా నడుముకి ఉన్నప్పుడు కూడా నాగమ్మేనా? అరికాలి మంట నెత్తికెక్కింది.

“నాగమ్మ ఎవరు చెప్పడానికి? తాళాలు నా దగ్గరున్నాయి. కారు ఇవ్వను.”

“నాగమ్మ ఎక్కడుంది?”

“తెలీదు.”

తెలుసు. మసీదు వెనక ఉంది. పరిగెత్తితే అయిదు నిమిషాలు. ఆయన నా బొడ్లో ఉన్న గుత్తి వంక చూశాడు. తలుచుకుంటే లాక్కోగలడు. జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పుకున్న మనిషి, అలాంటి పని చెయ్యలేదు. రెండు చేతులూ జోడించబోయి, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు దించేసుకుని వెళ్ళిపోయాడు. తలుపు గడియ పెట్టాను. గెలిచినట్టుంది. ఆ గెలుపు ఎంతసేపుంది? గోడ అవతలనుంచి ఆ పిల్ల కేక వినపడేదాకా.

అయినా నేను కదల్లేదు. కదిలితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కదా.

వాళ్ళకి వీధులన్నీ వెతగ్గా కూరగాయల వ్యాను ఒకటి దొరికింది. అప్పటికి గంటన్నర గడిచింది. నాగమ్మక్క రొట్టెలతో వచ్చి, సంగతి విని, రొట్టెలు అక్కడే నేల మీద పెట్టేసి పక్కింటికి వెళ్ళింది. మర్నాడు పొద్దుటికి గానీ రాలేదు. వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడింది.

“తల్లి బతికింది. బిడ్డ దక్కలే. మొగబిడ్డ,” అంది.

ముందే తీసుకెళ్ళి ఉంటే బతికేవాడని డాక్టర్లు అన్లేదట. బతికేవాడు కాదనీ అన్లేదట. ఆమె ఎప్పుడు తిడుతుందా అని ఎదురుచూశాను. కొట్టినా బాగుండును. నేనే గుత్తి తీసి ముందుకు చాపాను.

“తాళాలు తీసుకో అక్కా.”

“నీకాడే ఉండనీ,” అంది.

ఆ తర్వాత మామా తిరిగొచ్చేదాకా అవి నా దగ్గరే ఉన్నాయి. మళ్ళీ ఒక్కసారి కూడా బొడ్లో దోపుకోలేదు. బియ్యం డబ్బాలో పడేశాను. నాగమ్మక్క మాత్రం ప్రతిరోజూ పక్కింటికి వెళ్ళి ఆ పచ్చిబాలింతకి నూనె రాసి, నీళ్ళు పోసి వచ్చేది. నేను ఆ గుమ్మం తొక్కలేదు.

బాంబుల రోజులు గడిచాయి. ఇరాక్ వాళ్ళు పోతూ పోతూ నూనెబావులు అంటించిపోయారు. పట్టపగలే ఆకాశం నల్లగా ఉండేది. ఆరేసిన బట్టల మీద మసి పడేది. వేసవి మొదలయ్యాక మామా వచ్చింది. నేను అనుకున్నట్టే అయింది. గుమ్మంలోనే నాగమ్మక్కని వాటేసుకుని ఏడ్చింది. నన్నూ దగ్గరికి తీసుకుంది, కానీ తర్వాత. దివానియాలో పరుపులు ఒక్కొక్కటే తీసి పొట్టిదాన్ని చూపించినప్పుడు మామా నేల మీద కూర్చుండిపోయింది. వారం తర్వాత మమ్మల్నిద్దర్నీ పిలిచింది. నా చేతులకి రెండు బంగారు గాజులు తొడిగింది. కారు తాళం నాగమ్మక్క అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

“ఆయన జ్ఞాపకాన్ని కాపాడింది నువ్వు. ఇది నీది. అమ్ముకో. ఇక ఎవరి ఇంట్లోనూ పని చెయ్యక్కర్లేదు.”

నా చేతుల్లో గాజులు మెరుస్తున్నాయి గానీ నాకు కనపడలేదు. నా కళ్ళు ఆమె పిడికిలి మీదే ఉన్నాయి. నేను కూడా తోశాను కదా ఆ కారుని. నా అరచేతులూ కాలాయి కదా. అప్పటికే పాతకార్లు పోగేసే ఒక ఆసామి దాన్ని కొంటానని కబురు మీద కబురు పెడుతున్నాడు.

అంతకు కొన్నాళ్ళ ముందు నాగమ్మక్కకి పేపరు చదివి వినిపించింది నేనే. ఆసుపత్రుల్లో రోగుల్ని తెచ్చే బళ్ళు కూడా శత్రువులు ఎత్తుకుపోయారనీ, కొత్తవి కొనడానికి ఒక ధర్మసంస్థ విరాళాలు అడుగుతోందనీ అందులో రాశారు. “పురిటి ఆడోళ్ళని గూడా తీసకపోతారా ఆ బండ్లలో?” అని అడిగింది. అవునన్నాను. అంతే, ఆమె మనసులో అది పడిపోయింది. పొట్టిదాన్ని ఆ సంస్థకి ఇచ్చేస్తానంది.

“పిచ్చెక్కిందా అక్కా నీకు? ఊళ్ళో నీ ఇంటికి పైకప్పు కూడా సరిగ్గా లేదన్నావు!”

“కప్పు లేకుంటే వాన పడినప్పుడే గదా మే బాధ. మా దిక్కు వాన యాడ పడతాది?”

షర్క్‌లో ఆ సంస్థ ఆఫీసుకి మామా మమ్మల్ని తనే తీసుకెళ్ళింది. ఆవిడ చాలా చెప్పి చూసింది, నాగమ్మక్క వినలేదు. బల్ల అవతల కళ్ళద్దాలాయన ఒక కాగితం తీశాడు. సంతకం రాదంటే, చదువొచ్చినదాన్ని నేనున్నాను కదా అని కలం నా చేతికిచ్చారు. దాత పేరు దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో నాగమ్మ అని రాశాను. నా చేత్తోనే రాశాను. అలాంటి కారుని అలా దానం చేసిన పనిమనిషిని చూడ్డానికి పక్క గదుల్లోంచి కూడా మనుషులొచ్చి నిలబడ్డారు. పుణ్యం ఎవరి పేరు మీద రాయాలని ఆయన అడిగాడు. పోయినవాళ్ళ పేరున దానం చెయ్యడం అక్కడి ఆనవాయితీ.

“పేరు లేదు,” అంది నాగమ్మక్క. “పేరు పెట్టకముందే పోయినాడు.”

“ఎవరు?” అంది మామా.

“పక్కింటి బిడ్డ, మామా. పురిటికి తీసకపోయేదానికి కారు అడిగినారు. నేను ఇయ్యలేదు.”

నా చేతిలో కలం ఆగిపోయింది. నాగమ్మక్క నా వంక చూడలేదు. చూసి ఉంటే నిజం చెప్పేసేదాన్నని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మామా ముఖం పాలిపోయింది. కళ్ళద్దాలాయన, “పేరు లేని శిశువు అని రాయమ్మా,” అన్నాడు. రాశాను. నాగమ్మక్క బొటనవేలు సిరాలో అద్ది నేను రాసినదాని కింద నొక్కింది.

తర్వాత కొన్నాళ్ళు మామా నాగమ్మక్కతో ముక్తసరిగానే ఉంది. తలనొప్పి వస్తే నన్ను పిలిచింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు బాగుంది. మూడేళ్ళుగా కోరుకున్నది దొరికింది. నాలుగు రోజులు దాన్ని కడుపారా అనుభవించాను. అయిదో రోజున డాబా మీద మసి పడిన దుప్పట్లు మళ్ళీ ఉతుకుతుంటే ఆగలేకపోయాను.

“అలా ఎందుకు చెప్పేవక్కా? ఇవ్వనన్నది నేను కదా.”

ఆమె దుప్పటి పిండుతూనే ఉంది.

“తాళాలు నీకి ఇచ్చింది ఎవురు మే? నేనే గదా. యా పొద్దూ ఇయ్యనిదాన్ని ఆ పొద్దు యాల ఇస్తి? ఆ గుత్తి పక్క నువ్వు సూసే సూపు సూల్లేక ఇస్తి. రొంతసేపు నీకాడ ఉంటే నీ మనసు సల్లబడతాదేమో అనుకుంటి. వాళ్ళు అడిగితే బండి ఈమని ఒక్క మాట సెప్పి పోయింటే సాలు. సెప్పలే. అది నా తప్పే.”

ఎవరికీ కనపడకుండా దాచుకున్నాననుకున్న నా కుళ్ళు ఆమెకి మొదటి రోజునుంచీ తెలుసన్నమాట. ఉప్పు లేని గంజి కూడా తెలిసే తాగిందన్నమాట. తెలిసీ నా మీద జాలిపడింది. ఆ జాలిని భరించడం కంటే ఆమె నన్ను చెప్పుతో కొట్టినా సుఖంగా ఉండేది. పాపం నాది. దానికి ప్రాయశ్చిత్తం చేసుకునే వీలు కూడా నాకు మిగల్చకుండా తనే చేసేసుకుంది. లోకంలో ఎవరైనా ఎదుటివాళ్ళ సుఖం చూసి అసూయపడతారు. నేను ఆమె మోసిన నిందని చూసి అసూయపడ్డాను.

అబూ సమీర్ కుటుంబం ఆ వేసవిలోనే అమ్మాన్ వెళ్ళిపోయింది. ఆ పిల్లకి ఒక్క మాట చెప్పుకుందామన్నా మళ్ళీ కనపడలేదు. ఆ తర్వాత రోడ్డు మీద ఆసుపత్రి బండి పోతుంటే నాగమ్మక్క పని ఆపి నిలబడేది. “మా పొట్టిది పోతాండాది మే,” అనేది. ఆ బండికీ తన కారుకీ సంబంధం ఉందో లేదో ఆమెకి అక్కర్లేదు.

మరుసటి ఏడు నేను ఊరికి వచ్చేశాను. గాజులు మా అమ్మాయి చదువుకి పనికొచ్చాయి. నాకు అంగన్వాడీలో పని దొరికింది. నాగమ్మక్క ఇంకో పదేళ్ళు ఆ ఇంట్లోనే ఉండి వాళ్ళ పల్లెకి చేరింది. ఆమె పోయిందని ఫోన్ వస్తే రెండు బస్సులు, ఒక రైలు మారి వెళ్ళాను. పెద్దకర్మ జరుగుతోంది. అరుగు మీద కూర్చున్న ముసలామె నాతో అంది. “మా నాగమ్మ శానా మంచిది తల్లీ. కువైట్లో ఎవురికో కారు ఈకుంటే బిడ్డ సచ్చిపోయినాడంట. ఆ మాట సెప్పుకోని సచ్చేదాకా ఏడ్సింది.” ఊరికి వెళ్ళాక కూడా ఆమె మాట మార్చలేదు. అక్కడ కూడా నేను నోరు విప్పలేదు. అన్నం తిని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక, నేను పోయినప్పుడు నా కోసం ఇంతమంది ఏడుస్తారా అనే ఆలోచన వచ్చింది. నా బుద్ధి అలాంటిది.

మొన్న దజీజ్ నుంచి వచ్చిన మర్నాడే మా అమ్మాయిని వెంటబెట్టుకుని మామాని చూడ్డానికి వెళ్ళాను. పెద్దకూతురి ఇంట్లో ఉంటోంది. ఎనభై దాటాయి. కిటికీ పక్కన కుర్చీలో చిన్నపిల్లలా ముడుచుకుని ఉంది. నేను వంగి చెయ్యి పట్టుకోగానే ముఖం వికసించింది.

“నాగమ్మా! వచ్చావా?”

“గుర్తు తప్పిపోయింది, ఏమీ అనుకోకు,” అంది కూతురు నాకు మాత్రమే వినపడేలా.

మామా నా చెయ్యి నిమురుతూ ఉండిపోయింది. “కారు ఇచ్చేశావు. ఎవరిస్తారు అలా? కొన్నాళ్ళు నేనే నీతో సరిగ్గా మాట్లాడలేదు. నా మీద కోపం లేదు కదా, నాగమ్మా?”

ఎవరి నోట వినాలని నా వయసంతా ఆరాటపడ్డానో, ఆ నోటినుంచే వచ్చింది ఆ మాట. ఊఁ అంటే సరిపోయేది. ఆ ముసలి ప్రాణానికీ హాయిగా ఉండేది. నా వల్ల కాలేదు.

“నేను నాగమ్మని కాదు మామా. సతీని. ఆ రోజు కారు ఇవ్వనన్నది నేను. నాగమ్మ ఇంట్లో లేదు. ఆమెకి ఏ పాపమూ తెలీదు.”

మామా కూతురి వైపు తిరిగి అడిగింది. “సతీ ఎవరు?”

మా అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది. నేను, “మీ ఇంట్లో ఇంకో పనిమనిషి ఉండేది మామా,” అని చెప్పి లేచాను.

పాతికేళ్ళు అంగన్వాడీలో చేశాను. మా పేటలో ఏ ఆడపిల్లకి నొప్పులొచ్చినా వెళ్ళి ఆటో మాట్లాడింది నేనే. ఆటో దొరక్కపోతే రోడ్డుకి అడ్డంపడి వచ్చే బండి ఆపింది నేనే. సత్యవతి టీచరు మనసు వెన్న అన్నారు ఊళ్ళో. వాళ్ళకేం తెలుసు? నేను నాగమ్మక్కతో పోటీ పడుతున్నాను. ఒక్కసారైనా ఆమెని దాటాలని. దాటలేదు. ఆమె మీద అసూయ ఇప్పటికీ ఉంది, నాతోనే పోతుంది. కానీ ఆమె నెత్తిన మోసిన మూట మాత్రం దించాలి. అక్కడ మామా ముందు దించబోతే అందుకోవడానికి నన్నెరిగినవాళ్ళే లేకపోయారు. అందుకని ఇక్కడ రాసిపెడుతున్నాను. ఆ రోజు కారు ఇవ్వనన్నది నాగమ్మ కాదు. సత్యవతి.